దోమ తొండం, మాండవ్యుడి గడ్డిపరక

ముందుగా దోమను మంచుగడ్డల మీద పెట్టిన గాజుపళ్లెంలోకి వంపుతారు. చలికి అది కదలడం మానేస్తుంది. సూక్ష్మదర్శిని కింద, మొన సన్నని పట్టకారుతో ఆరు కాళ్లూ రెండు రెక్కలూ పీకేస్తారు. మిగిలిన మొండేనికి తొండం ఉంటుంది. దాన్ని సన్నని గాజుగొట్టంలోకి దూరుస్తారు. గొట్టంలో కాస్త ద్రవం ఉంటుంది. అరగంటో ముప్పావుగంటో అలా వదిలేస్తే, మనిషి చర్మంలో దిగిందనుకున్నట్టు దోమ అందులోకి లాలాజలం వదులుతుంది. చచ్చిన దోమ లాలాజలం వదలదు కనుక అంతసేపూ అది బతికే ఉండాలి. ఆ తర్వాత మొండెం ఒక గొట్టంలోకి, కాళ్లూ రెక్కలూ మరో గొట్టంలోకి, లాలాజలం మూడో గొట్టంలోకి వెళతాయి. ఏడు రోజుల కిందటో పద్నాలుగు రోజుల కిందటో ఇదే దోమకు పంచదార నీళ్లు ఆపి, ఆకలి పుట్టించి, వైరస్ కలిపి 37 డిగ్రీలకు వెచ్చబెట్టిన రక్తాన్ని పంది పేగు పొర మీదుగా తాగించారు. ఫలానా జాతి దోమ ఫలానా వైరస్‌ను ఇంకొకరికి అంటించగలదా లేదా అని తేల్చే పరీక్ష ఇది. డెంగీ, చికున్‌గున్యా, జికా, ఏ వైరస్ అయినా ప్రపంచంలోని చాలా ల్యాబులు చిన్నచిన్న తేడాలతో ఇదే పద్ధతి పాటిస్తాయి.

భారతం విన్నవాళ్లకు ఇది చదవగానే మాండవ్యుడు గుర్తుకు రావాలి. చేయని దొంగతనానికి ఆ మునిని శూలానికి ఎక్కించారు. ప్రాణం పోలేదు. తర్వాత యముడి దగ్గరికి వెళ్లి, ఏ పాపానికి నాకీ శిక్ష అని నిలదీశాడు. చిన్నప్పుడు నువ్వు ఎగిరే పురుగులకు గడ్డిపరకలు గుచ్చి ఆడుకున్నావు, దాని ఫలమే అన్నాడు యముడు. మాండవ్యుడు మండిపడి, భూమ్మీద శూద్రయోనిలో పుట్టమని యముణ్ణి శపించాడు, అలా పుట్టినవాడే విదురుడు. పద్నాలుగేళ్లు నిండేదాకా పిల్లలు చేసింది పాపం కింద జమ కాదని కట్టడి కూడా పెట్టాడు. మనం సాధారణంగా విదురుడి పుట్టుక దగ్గరే కథ ఆపేస్తాం. కానీ మాండవ్యుడి వాదన ఏమిటో చూడండి. పురుగును గుచ్చడం తప్పు కాదని అతను ఎక్కడా అనడు. చేసినవాడికి తెలియదు, తప్పుకూ శిక్షకూ పొంతన లేదు. అతని ఫిర్యాదు ఈ రెండింటి మీదే. అంటే తెలిసి చేసినవాడికి అతని శాపం ఏ మినహాయింపూ ఇవ్వదు. ల్యాబులో పట్టకారు పట్టుకున్న మనిషి పద్నాలుగేళ్ల లోపువాడు కాదు. ఏం చేస్తున్నాడో అతనికి తెలుసు. నోట్‌బుక్‌లో తేదీ వేసి రాసుకుంటాడు, ఒక్కో గుంపులో ఇరవై ముప్పై దోమలకు వరసగా అదే చేస్తాడు. తెలుసుకోవడం కోసం చంపితే ఆ చంపడం హింస కాకుండా పోతుందా? పోదని నా అభిప్రాయం. అది మొదటినుంచి చివరిదాకా హింసే. అయినా దాన్ని అనుమతించవచ్చు. అయితే ఆ అనుమతిని అప్పుగా చూడాలి, తీర్చే షరతు మీద.

అప్పు దేనికోసమో ముందు తేలాలి. రోగి రక్తం తాగిన దోమ కడుపులో వైరస్ దొరికితే చాలు, ఆ దోమే రోగాన్ని మోసుకొచ్చిందని అనుకుంటాం. మన నైయాయికులు ఈ తొందరపాటును ఏనాడో పట్టుకున్నారు. కుండకు మట్టి, చక్రం, కర్ర, కుమ్మరి కారణాలు. మరి మట్టి మోసుకొచ్చిన గాడిదో? కుండ పుట్టకముందు అదీ అక్కడే ఉంది. అయినా దాన్ని కారణాల్లో చేర్చరు, అన్యథాసిద్ధమని పక్కన పెడతారు. కడుపులో వైరస్ ఉన్న దోమ కూడా కుమ్మరి గాడిద కావచ్చు. వైరస్ ముందు దోమ కడుపు గోడ కణాల్లో పెరగాలి, ఆ గోడ దాటి ఒళ్లంతా పాకాలి, చివరికి లాలాజల గ్రంథుల్లోకి చేరి ఉమ్ములోకి దిగాలి. ఒక్కో మెట్టు దగ్గర ఒక్కో అడ్డంకి. కొన్ని జాతుల్లో వైరస్ కడుపులోనే అరిగిపోతుంది, కొన్నింటిలో గోడ దాటలేక ఆగిపోతుంది, ఇంకొన్నింటిలో ఒళ్లంతా ఉంటుంది కానీ ఉమ్ములో ఉండదు. మొండెం, కాళ్లు, లాలాజలం అని మూడు గొట్టాలు పెట్టడం అందుకే. మొదటిది వైరస్ అంటుకుందా అన్నదానికి జవాబు, రెండోది పాకిందా అన్నదానికి, మూడోది బయటికి వచ్చిందా అన్నదానికి. ముప్పై దోమలు తాగితే ఇరవైలో అంటుకుని, పదింటిలో పాకి, ఒక్కదాని ఉమ్ములోకీ రాలేదనుకోండి, ఆ జాతి మీద మోపిన నేరం నిలవదు. లోకంలో మూడున్నర వేలకు పైగా దోమ జాతులున్నాయి. మగ దోమలు ఏ జాతిలోనూ కుట్టవు. టాక్సోరింకైటిస్ అనే పెద్ద దోమల్లో ఆడవి కూడా రక్తం ముట్టవు, పైగా వాటి పిల్లలు తోటి దోమ పిల్లల్ని తింటాయి. దోమ అనే ఒక్క మాటతో వీటన్నిటినీ ఒకే గాటన కట్టే మనకు, వాటిని విడదీసి చూపే సాధనం ఈ పరీక్ష.

విడదీయడం ఎంత అవసరమో బ్రెజిల్లో జికా వచ్చినప్పుడు తేలింది. 2015లో ఈశాన్య తీరంలోని రెసీఫే నగరంలో తల చిన్నదిగా పుట్టే పిల్లలు ఎక్కువవడం డాక్టర్లు గమనించారు. 2016 ఫిబ్రవరి 1న ప్రపంచ ఆరోగ్య సంస్థ అంతర్జాతీయ అత్యవసర పరిస్థితి ప్రకటించింది. అనుమానం ముందు నుంచీ ఈడిస్ ఈజిప్టై మీద. ఇంట్లో నిలవ ఉంచిన మంచినీళ్లలో పుట్టి పగలు కుట్టే దోమ అది. అయితే రెసీఫేలో అంతకంటే ఎక్కువగా ఉండేది మురికినీళ్లలో పెరిగి రాత్రి కుట్టే క్యూలెక్స్. మన మురుగుకాలవల మీద ముసిరేదీ అదే, గోదావరి జిల్లాల్లో బోదకాలు అంటించిందీ అదే. రెసీఫే పరిశోధకులకు క్యూలెక్స్‌లోనూ, దాని లాలాజలంలోనూ జికా వైరస్ కనిపించింది. రియో డి జనీరో పరిశోధకులు తమ ఊరి క్యూలెక్స్‌ను అక్కడి వైరస్‌తోనే పరీక్షించి, ఇది అంటించలేదని 2016లోనే ప్రచురించారు. ఆ తర్వాత వేరే దేశాల ల్యాబుల్లో చాలావరకు రియో వైపే మొగ్గాయి. ఇది పండితుల తగాదా మాత్రమే అనుకోకండి. క్యూలెక్సే దోషి అని తేలితే డబ్బూ మనుషులూ మందూ మురుగుకాలవల వైపు మళ్లాలి, కాకపోతే ఇళ్లలోని నీళ్ల తొట్ల వైపు. గర్భిణి ఏ పూట ఏ దోమకు భయపడాలన్నది ఆ గాజుగొట్టం మీద ఆధారపడి ఉంది. రీయూనియన్ ద్వీపంలో పదేళ్ల ముందే ఇలాంటిదే జరిగింది. 2005-06లో అక్కడ మూడోవంతు జనం చికున్‌గున్యాతో మంచమెక్కారు. అంతకాలం పెద్దగా లెక్కలోకి రాని ఈడిస్ ఆల్బోపిక్టస్ దోమ అంత ఘోరం ఎలా చేసిందో దోమలకు వైరస్ తాగించి చూస్తేనే తెలిసింది. వైరస్ పైపొర ప్రోటీన్‌లో 226వ స్థానంలో ఒక్క అమైనో ఆమ్లం మారి, ఆ దోమ కడుపులో వైరస్ తేలిగ్గా పెరుగుతోంది. 2006లో మన దేశంలోనూ చికున్‌గున్యా దాదాపు 14 లక్షల అనుమానిత కేసులు తెచ్చింది. నొప్పులతో నడుములు వంగిపోయి నడిచిన రాయలసీమ జనానికి ఆ ఏడాది ఇప్పటికీ గుర్తే.

దోమను ఇంత బాధపెట్టకుండా తెలుసుకోలేమా అని అడగవచ్చు. చరిత్ర చెప్పే జవాబు ఇబ్బందిగా ఉంటుంది. గాజుగొట్టం రాకముందు ఆ పని మనుషుల చర్మం చేసింది. 1900లో క్యూబాలో వాల్టర్ రీడ్ బృందం కామెర్ల జ్వరం దోమ వల్లే వస్తుందన్న కార్లోస్ ఫిన్లే మాటను పరీక్షించినప్పుడు, బృందంలోని డాక్టర్ జెస్సీ లజీర్ ఆ జ్వరంతోనే సెప్టెంబరులో చనిపోయాడు. తర్వాత అతని పేరు పెట్టిన శిబిరంలో, స్పెయిన్ నుంచి బతుకుతెరువుకు వచ్చిన కుర్రాళ్లు ఒప్పందపత్రం మీద సంతకం పెట్టి దోమల చేత కుట్టించుకున్నారు. అందుకు 100 డాలర్ల బంగారం, జ్వరం వస్తే ఇంకో 100. మరుసటి ఏడు హవానాలో క్లారా మాస్ అనే నర్సు ఇలాంటి ప్రయోగంలోనే 25 ఏళ్ల వయసులో కన్నుమూసింది. మన దగ్గర కూడా లేకపోలేదు. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపు గోడ మీద మలేరియా జీవిని చూసిన రోజును ఏటా గుర్తుచేసుకుంటాం. అది వైరస్ కాదు, ఆ దోమ ఎనాఫిలిస్, ఆ తేడా అలా ఉంచండి. ఆ దోమకు రక్తం ఇచ్చింది హుసేన్ ఖాన్ అనే రోగి. కుట్టిన ఒక్కో దోమకు ఒక అణా. మనిషి చేతి స్థానంలోకి పంది పేగు పొర వచ్చింది, జ్వరపడే కూలివాడి స్థానంలోకి గాజుగొట్టం వచ్చింది. బాధ పూర్తిగా పోలేదు. బీదవాడి మీదినుంచి దోమ మీదికి జరిగింది. అలా జరగడం న్యాయమేనని నేను ఒప్పుకుంటాను, కానీ జరగనే లేదని నటించడం నాకు కుదరదు.

దోమకు బాధేమిటి, సాయంత్రమైతే ఇంటింటా ఎలక్ట్రిక్ బ్యాట్ టపటపలాడిస్తూనే ఉన్నాం కదా అని కొట్టిపారేసేవాళ్లు చాలామందే ఉంటారు. అందరూ చేస్తున్నారన్నది ఎప్పుడూ ప్రమాణం కాలేదు. సాక్ష్యం వైపు చూస్తే, అంత తేలిగ్గా కొట్టిపారేయడానికి లేదు. ఒక వాసన తగిలినప్పుడల్లా అదిరేలా కుదిపితే, ఈడిస్ దోమ ఆ వాసన గుర్తుపెట్టుకుని తప్పించుకుంటుందని అమెరికా పరిశోధకులు 2018లో చూపించారు. చేత్తో కొట్టబోయి గురి తప్పినా దోమ మనల్ని గుర్తుంచుకునే అవకాశం ఉందన్నమాట. నేర్చుకోవడమూ నొప్పీ ఒకటి కాదు, నిజమే. అలాగే మంచు మీద కదలిక ఆగడమూ బాధ ఆగడమూ ఒకటి కాదు. మన 1960 నాటి జంతుహింస నిరోధక చట్టం మనిషి తప్ప ప్రతి జీవినీ జంతువు అనే నిర్వచనంలో చేర్చింది. యూరప్‌లో ప్రయోగాలకు సంబంధించిన 2010 నాటి ఆదేశం వెన్నెముక ఉన్నవాటితో, ఆక్టోపస్ వంటి వాటితో ఆగిపోయింది. మాట వరకు మన చట్టం గుండె పెద్దదే. జైనులు ఇంకా ముందే లెక్క కట్టారు. వాళ్ల వర్గీకరణలో దోమ చతురింద్రియ జీవి. స్పర్శ, రుచి, వాసన, చూపు ఉన్నాయి, వినికిడి లేదు. తమాషా ఏమిటంటే మగ దోమ తల మీది మీసాలతో ఆడదోమ రెక్కల రొదను వింటుందని ల్యాబులే తేల్చాయి. ఆ లెక్కన దోమ ఒక మెట్టు పైకెక్కాల్సిందే.

ఈ విషయంలో అసలైన ప్రతివాది జైనుడే కాబట్టి అతని మాట పూర్తిగా వినాలి. గృహస్థు చేసే హింసలో జైనులు రకాలు చెబుతారు. వండుకోవడంలో, ఊడ్చుకోవడంలో జరిగేది ఆరంభీ, వృత్తిలో జరిగేది ఉద్యోగీ, మీదికొచ్చినవాణ్ణి ఎదుర్కోవడంలో జరిగేది విరోధీ. ఈ మూడూ గృహస్థుకు తప్పనివి. నాలుగోది సంకల్పీ. కోరి, పనిగట్టుకుని చేసే ఆ హింసను గృహస్థు కూడా వదిలిపెట్టాల్సిందే. చెవి దగ్గర మూగిన దోమను కొట్టడం విరోధీ అనుకుందాం. మరి ల్యాబు దోమ ఎవరి మీదికి వచ్చింది? దాన్ని మనమే గుడ్డు నుంచి పెంచాం, మనమే వైరస్ తాగించాం, మనమే రెక్కలు పీకాం. ఇది సంకల్పీ కాకపోతే మరేది? ఆక్షేపణ బలమైనది. ఉద్యోగీ అనే గూట్లో దూరి తప్పించుకోవడం నాకు నచ్చదు. నా జవాబు వేరు. ముని ఓర్చుకోవాల్సిన ఇరవైరెండు పరీషహాల్లో దంశ-మశకం ఒకటి, అంటే దోమకాటును చలించకుండా భరించడం. అది గొప్పదే, ఎందుకంటే కుట్టేది ముని ఒంటినే. రెసీఫేలో కడుపుతో ఉన్న స్త్రీని కుట్టే దోమను నేను నిబ్బరంగా భరిస్తే దాన్ని పరీషహం అనరు. ఇంకొకరి బాధను మన సహనం ఖాతాలో వేసుకోలేం. పరీక్ష చేయకపోవడం కూడా ఒక నిర్ణయమే, దాని ఫలితం వేరేవాళ్లు మోస్తారు. పైగా ఏ దోమో తెలియనప్పుడు మనం ఏ దోమనూ చంపకుండా ఊరుకుంటామా? అన్నిటినీ చంపుతాం. మందు కొట్టినప్పుడు దోమతోపాటు తేనెటీగ, తూనీగ, చెరువులో చేపపిల్ల కూడా పోతాయి. తెలియనితనం చేసే హింస ఎవరి నోట్‌బుక్‌లోనూ ఎక్కదు కాబట్టి అది మనకు కనపడదు, అంతే. రోగం కర్మఫలం, జోక్యం ఎందుకు అనేవాళ్లూ ఉన్నారు. వాళ్లు కూడా జ్వరమొస్తే డాక్టరు దగ్గరికే వెళతారు కాబట్టి ఆ ఆక్షేపణ మీద ఎక్కువసేపు నిలవను.

కనుక ప్రశ్న హింసా అహింసా అన్నది కాదు. మన ధర్మశాస్త్రాలు గృహస్థు ఇంట్లోనే ఐదు వధ్యస్థానాలు చూపించాయి. పొయ్యి, తిరగలి, చీపురు, రోలు, నీళ్లకుండ. పంచసూనలంటారు. వాటిని వాడకు అనలేదు, వాడితే పాపం లేదనీ అనలేదు. రోజూ ఐదు యజ్ఞాలతో ఆ బాకీ తీర్చమన్నాయి. మిథిలలో మాంసం అమ్మే ధర్మవ్యాధుడు కౌశికుడనే బ్రాహ్మణుడికి చెప్పింది కూడా ఇందుకు దగ్గరిదే. నాగలి దున్నితే నేలలో ఎన్ని ప్రాణాలు పోతాయో లెక్కపెట్టు అన్నాడు. ప్రయోగశాల ఆరో సూన. దానికీ నిత్యం తీర్చే బాకీ ఉండాలి. ఆ బాకీ తీరేది ల్యాబు గుమ్మానికి కొబ్బరికాయ కొట్టడంతో కాదు, పని చేసే తీరుతో. పది దోమలతో తేలేదానికి వంద వాడకూడదు. దశాబ్దాలుగా ల్యాబులోనే పెరిగి బయటి లోకం ఎరగని దోమల మీద పరీక్ష చేసి ఊళ్లో దోమ గురించి తీర్పు చెప్పకూడదు, అది చావును వృథా చేయడం. అంటించలేదు అని తేలిన ఫలితాన్ని, గొప్పగా కనపడదని సొరుగులో పడేయకూడదు. పడేస్తే ఇంకో ఊళ్లో ఇంకో ల్యాబు అవే దోమల్ని మళ్లీ చంపుతుంది. రియో వాళ్లు కాదు అన్న జవాబును ప్రచురించారు చూశారా, ఆ పనిని నేను యజ్ఞం కింద లెక్కేస్తాను. ల్యాబులో కణాలు పెంచడానికి వాడే సీరం కోతకు వెళ్లిన ఆవుల కడుపులోని దూడల నుంచి వస్తుందన్నది కూడా ఈ లెక్కలో రాయాలి, దోమల దగ్గరే ఆగిపోతే నిజాయితీ కాదు.

ల్యాబు వేరు, ఊరు వేరు అనేది ఇంకో ఆక్షేపణ. అది నిజం కూడా. దోమకు వైరస్ అంటించే శక్తి ఉండవచ్చు, కానీ అది మనిషిని కాకుండా గేదెనే ఇష్టపడితే, వైరస్ ఉమ్ములోకి దిగే లోపే చచ్చిపోతే, ఆ శక్తి ఉండీ లేనట్టే. అందుకే ల్యాబు ఫలితానికి ఊళ్లో పట్టిన దోమల లెక్క తోడవ్వాలి. ఒక్కదాన్నే నమ్మితే గాడిదను మళ్లీ కారణాల్లో చేర్చినట్టే. ఊళ్లోకి అడుగుపెట్టాక ఇంకో షరతూ ఉంది. జనానికి చెప్పకుండా చేసే ప్రయోగం ఎంత మంచిదైనా నిలవదు. 1970ల్లో ఢిల్లీలో ప్రపంచ ఆరోగ్య సంస్థ, భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) కలిసి నడిపిన దోమల జన్యు నియంత్రణ యూనిట్ జీవాయుధాల అనుమానాల నడుమ 1975లో మూతపడింది. దోమలు పోయాయి, పనీ పోయింది, నమ్మకమూ పోయింది.

బాకీ తీరిన సందర్భమూ ఒకటి ఉంది. వోల్బాకియా అనే సూక్ష్మజీవి ఉన్న ఈడిస్ దోమలో డెంగీ వైరస్ సరిగా పెరగదని ఈ వైరస్ తాగించే పరీక్షల్లోనే తేలింది. ఇండొనేసియాలోని యోగ్యకర్తాలో అలాంటి దోమల్ని పట్టణంలోకి వదిలితే, వదిలిన పేటల్లో డెంగీ 77 శాతం తగ్గిందని 2021లో ఫలితాలు వచ్చాయి. అక్కడ దోమల్ని తుడిచిపెట్టలేదు. దోమలు బతికే ఉన్నాయి, కుడుతూనే ఉన్నాయి, రోగం తగ్గింది. పుదుచ్చేరిలోని ఐసీఎంఆర్ సంస్థ మన దేశానికి సరిపడే వోల్బాకియా దోమల్ని ఇప్పటికే తయారుచేసి పెట్టుకుంది. గాజుగొట్టంలో చచ్చిన దోమలు తమ జాతికి ఒక బతికే దారి చూపించాయని దీన్ని చదువుకోవచ్చు. మాండవ్యుడి గడ్డిపరక దగ్గర అలా చెప్పుకోవడానికి ఏమీ లేదు.

అసలు వృథా ఎక్కడో చూడాలంటే ల్యాబు దాకా వెళ్లనక్కర్లేదు. డెంగీ అంటించేది ఏ దోమో, అది ఎక్కడ పుడుతుందో, ఎప్పుడు కుడుతుందో ఎన్నో దోమలు చచ్చి మనకు చెప్పాయి. అయినా వానాకాలం రాగానే మన పట్టణాల్లో చీకటి పడే వేళకు పొగ బండి మురుగుకాలవ వెంట సాగిపోతుంది. ఆ పొగకు పోయేవి ఎక్కువగా కాలవ మీది క్యూలెక్స్ దోమలు. డెంగీ దోమ ఆ వేళకు ఇంట్లో మంచం కిందో, చిలక్కొయ్యకు వేలాడే బట్టల వెనకో కూర్చుని ఉంటుంది.